దవడ కింద ఆకుపచ్చ

మేడమెట్ల మలుపులో ఫొటోగ్రాఫర్ పడి ఉంది.

తల కిందికి, కాళ్ళు పైకి. ఒక చెప్పు కాలికే ఉంది. రెండోది నాలుగు మెట్ల పైన బోర్లా పడింది. పొద్దున్నే మొక్కలకు నీళ్ళు పోయడానికి పైకి వెళ్తున్న ఇంటాయన చూశాడు. చేతిలో బకెట్టు వదిలేసి కిందికి పరిగెత్తాడు.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ఆ నీళ్ళు మెట్లన్నీ తడిపి గేటు దాకా పారాయి.

"సాక్ష్యాలకు శుభ్రంగా స్నానం చేయించారు" అంది ఆవిడ ఎస్సైతో. నవ్వలేదు.

శవం కనిపిస్తే అందరూ ముందు ముఖం చూస్తారు. ఇన్‌స్పెక్టర్ మాత్రం ముందు చేతులు చూస్తుంది. ఫొటోగ్రాఫర్ కుడి మణికట్టు మీద నాలుగు నీలపు మచ్చలున్నాయి. ఎవరివో వేళ్ళు గట్టిగా బిగుసుకున్న గుర్తులు.

ఒంటరిగా కాలు జారి పడితే మణికట్టు మీద అలాంటి గుర్తులుండవు.

మేడ మీద ఒక్కటే గది. దాని ముందు ఆరుబయలు. ఫొటోగ్రాఫర్ అక్కడ ఒంటరిగా ఉండేది. నలభై దాటిన మనిషి. ఆ వీధిలో ఆవిడ ఫొటో తీయని ముఖం లేదు. గదిలో వస్తువులన్నీ పదిలంగానే ఉన్నాయి. కెమెరాలు బీరువాలో ఉన్నాయి. దొంగ పని కాదు. ఫోను మాత్రం మెట్ల పక్కన పగిలి పడి ఉంది. మేడ తలుపు గడియ మీద మూడు వేలిముద్రలు దొరికాయి. అవి ఆవిడవి కావు. ఇంటాయనవీ కావు.

మర్నాడు డాక్టరు రిపోర్టు వచ్చింది. శనివారం సాయంత్రం నాలుగుకీ అయిదుకీ మధ్య పడి ఉంటుంది. తల వెనక దెబ్బ. అయితే పడగానే పోలేదు. సుమారు గంటసేపు ప్రాణం ఉంది. ఎవరైనా చూసి ఆస్పత్రికి తీసుకొస్తే దక్కేదేమో.

ఆ చివరి మాట దగ్గర ఇన్‌స్పెక్టర్ కాగితం బల్ల మీద పెట్టేసి, కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

అనుమానించడానికి మనుషులకు కొదవ లేదు.

మొదటివాడు ఇంటాయన. వారం కిందట ఆయనకూ ఫొటోగ్రాఫర్‌కూ పెద్ద గొడవైందని ఎదురింటివాళ్ళు చెప్పారు. ఎండకు నారుమొక్కలు మాడిపోతున్నాయని ఆయన మేడ మీద సగం భాగానికి ఆకుపచ్చ వల కట్టించాడు. అది తీసెయ్యమని ఆవిడ అరిచింది. తీయనని ఆయన అరిచాడు.

రెండోవాడు ఆవిడ తమ్ముడు. బస్సు డ్రైవరు. ఏడాదిగా అక్కతో మాటల్లేవు.

మూడోవాడి పేరు ఫోను కాల్ రికార్డుల్లోంచి వచ్చింది. శనివారం మధ్యాహ్నం మూడూ నలభైకి ఫొటోగ్రాఫర్ ఆఖరి కాల్ చేసింది. ఆవిడ స్నేహితురాలి భర్తకు.

ఆ స్నేహితురాలు ఆర్టిస్టు. రెండు వీధుల అవతల ఇల్లు. కంప్యూటర్ మీద మనుషుల ముఖాలు గీస్తుంది. కుంచె లేదు, రంగు డబ్బా లేదు. ఒక ట్యాబ్, ఒక పెన్ను, అంతే. ఆమె గీసిన ముఖాన్ని చూస్తే ఇప్పుడే ఊపిరి తీసుకుందేమో అనిపిస్తుంది. ఎక్కడెక్కడి వాళ్ళో ఆమె దగ్గర ఆన్‌లైన్‌లో పాఠాలు నేర్చుకుంటారు. ఫొటోగ్రాఫర్‌ను 'అక్కా' అని పిలిచేది. గీయడానికి కావలసిన ఫొటోలు చాలావరకు ఆవిడ తీసిచ్చినవే.

ఇన్‌స్పెక్టర్ వెళ్ళేసరికి ఆర్టిస్టు కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి. భర్తే తలుపు తీశాడు. భర్తే టీ పెట్టి తెచ్చాడు. భార్య భుజం మీంచి జారిన శాలువా సర్దాడు. ఆమె కప్పు ముట్టకపోతే, చల్లారిపోతోందని మెల్లిగా గుర్తు చేశాడు.

కాల్ గురించి అడిగితే తడుముకోకుండా చెప్పాడు. వచ్చే నెల భార్య పుట్టినరోజట. ఏం కానుక ఇస్తే బాగుంటుందని ఫొటోగ్రాఫర్ ఫోన్ చేసిందట. రెండు నిమిషాలు మాట్లాడారట. తమ ఇంట్లో కలుసుకోవడమే తప్ప ఆవిడ మేడమెట్లు తను ఎన్నడూ ఎక్కలేదన్నాడు.

"శనివారం నాలుక్కి ఎక్కడున్నారు?"

"ఇక్కడే. ఈ కుర్చీలోనే. మా ఆవిడ నా బొమ్మ వేస్తోంది."

ఇన్‌స్పెక్టర్ ఆర్టిస్టు వైపు తిరిగింది. ఆమె ఒక్క క్షణం శాలువా అంచు వైపు చూసింది.

"అవును మేడమ్. మూడింటి నుంచి చీకటి పడేదాకా నా ఎదురుగానే ఉన్నారు."

బొమ్మ చూపించింది. భర్త ముఖం. భుజాల దాకా. కొంచెం పక్కకు తిరిగి, ఎదుటివాళ్ళు ఏదో అల్లరి మాట అంటే నవ్వు ఆపుకుంటున్నట్టు చూస్తున్నాడు. ఫైలు మొదలుపెట్టిన సమయం మూడూ అయిదు. ఆఖరిసారి సేవ్ చేసింది ఆరూ పది. ఎస్సై తీసుకెళ్ళి పరీక్ష చేయించాడు. సమయాల్లో మోసం లేదు. రెండిళ్ళూ ఒకే టవర్ కింద ఉన్నాయి కాబట్టి ఫోను లొకేషన్ కూడా అక్కరకు రాలేదు. వేలిముద్రలు అడిగితే, లాయర్‌తో మాట్లాడి చెబుతానని భర్త మర్యాదగా అన్నాడు. బలవంతం చేయడానికి కారణం లేదు.

"ఇలాంటి మొగుడు దొరకాలంటే రాసిపెట్టి ఉండాలి మేడమ్" అన్నాడు ఎస్సై, గేటు దాటాక.

ఇన్‌స్పెక్టర్ జీపు ఎక్కింది.

ఆ తర్వాత కేసు నీరుగారిపోయింది. తమ్ముడు ఆ సాయంత్రం నిండు బస్సు నడుపుతున్నాడు. బస్సెడు జనం సాక్ష్యం. ఇంటాయన దంతాల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నాడు. పీకిన పన్ను పొట్లం కట్టి స్టేషన్‌కే తెచ్చి చూపించాడు. ముగ్గురికి ముగ్గురూ కడిగిన ముత్యాలే.

ఇన్‌స్పెక్టర్‌ను మాత్రం ఆ బొమ్మ వదల్లేదు.

అందులో ఏముందో తెలియదు. ఏదో ఉంది. ఒక మధ్యాహ్నం భోజనం ముందు పెట్టుకుని, ఆర్టిస్టు పాఠాల వీడియో ఒకటి తెరిచింది. చర్మం రంగుల మీద పాఠం. పాఠంలో ఆర్టిస్టు గొంతు హుషారుగా ఉంది. ఏడ్చి బొంగురుపోయిన గొంతును మొన్న విన్న ఇన్‌స్పెక్టర్‌కు, ఈమె వేరే మనిషేమో అనిపించింది.

చర్మానికి ఒకే రంగు ఉండదని మొదలుపెట్టింది ఆర్టిస్టు. నుదురు కాస్త పసుపు వైపు మొగ్గుతుంది. బుగ్గలు, ముక్కు, చెవులు ఎరుపు వైపు. మగవాళ్ళ గడ్డం దగ్గర నీలం కలిసిన బూడిద. నీడ కావాలని నలుపు కలిపితే నీడ రాదు, మసి వస్తుంది. నవ్వుతూ చెబుతోంది.

"చర్మం ఒట్టి అప్పుల అప్పారావు. పక్కన ఏ రంగుంటే ఆ రంగు అరువు తెచ్చుకుంటుంది. ఎర్ర చొక్కా వేసుకుంటే గడ్డం కింద ఎరుపు తేలుతుంది. చెవి వెనకనుంచి ఎండ పడితే లోపలి రక్తం వెలుగుతుంది. అరచెయ్యి దీపానికి అడ్డం పెట్టి చూడండి, తెలుస్తుంది. ముఖ్యంగా దవడ కింద చూడండి. మనిషి ఎక్కడ కూర్చున్నాడో అక్కడ రాసి ఉంటుంది. మీకు తెలిసింది వెయ్యకండి. కనిపించింది వెయ్యండి."

ఇన్‌స్పెక్టర్ ముద్ద కలిపిన చేత్తో అలాగే ఉండిపోయింది. తర్వాత ఎడమ చెయ్యి ఎత్తి కిటికీ ఎండకు అడ్డం పెట్టింది. వేళ్ళ సందులు ఎర్రగా మండాయి.

స్టేషన్‌లో ఉన్న నకలు ఫైలు తెరిచి చూసింది. భర్త చెవి అంచు నిప్పుకణికలా ఎర్రగా ఉంది.

దవడ కింద, మెడ మొదలయ్యే చోట, పల్చగా ఆకుపచ్చ.

సాయంత్రం నాలుగింటికి ఏదో సంతకం కావాలన్న వంకతో ఆర్టిస్టు ఇంటికి వెళ్ళింది. భర్త ఆఫీసులో ఉన్నాడు. ఆ కుర్చీలో తనే కూర్చుని, ఒక ఫొటో తీసి పెట్టమని అడిగింది. ఫొటో చూసుకుంది. కిటికీ ఎడమ పక్క ఉంది. గోడలు మీగడ రంగు. కుర్చీ వెనక కప్పును తాకే పుస్తకాల బీరువా. చెవి మామూలుగా ఉంది. మెడ కింద గోడల రంగే ఉంది. గదిలో ఆకుపచ్చ వస్తువు మచ్చుకైనా లేదు.

ఆ కుర్చీలో కూర్చున్న మనిషి బొమ్మ కాదది.

అక్కడినుంచి నేరుగా ఫొటోగ్రాఫర్ మేడకు వెళ్ళింది. ఎండ పిట్టగోడ మీదుగా ఏటవాలుగా పడుతోంది. ఆకుపచ్చ వల కింద ఎస్సైని నిలబెట్టి, పక్కకు తిరగమంది. చాలాసేపు చూసింది.

"ఏంటి మేడమ్, నా మొహంలో ఏముంది?"

"ఇన్నాళ్ళకి పనికొచ్చేదొకటి కనిపించింది. కదలకు."

ఇంటాయనను పిలిచి గొడవ సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పమంది. ఆయనకు చిరాకేసింది. ఆ వల చావుకు ముందటి ఆదివారం కట్టించాడట. దాని కింద మనుషుల ముఖాలన్నీ కప్పల్లా కనిపిస్తున్నాయని, ఇక తను ఫొటోలెలా తీయాలని ఆవిడ రభస చేసిందట. ముఖాలకు రంగు అంటుకోవడమేమిటో తనకర్థం కాలేదన్నాడు.

ఆయనకే కాదు, ఆ గొడవ గురించి విని రాసుకున్న పోలీసులకూ అప్పుడు అర్థం కాలేదు.

శనివారం మళ్ళీ వచ్చింది. నాలుగున్నరకు ఇన్‌స్పెక్టర్ అందరినీ మేడ మీదికి రమ్మంది. ఇంటాయన వచ్చాడు. తమ్ముడు డ్రైవరు యూనిఫారంలోనే వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. ఆర్టిస్టు భర్తతో వచ్చింది. మెట్ల మలుపు దగ్గర ఆమె ఆగిపోయింది. భర్త చెయ్యి పట్టుకుని పైకి నడిపించాడు. నెలకు పైగా ఇటు రాలేకపోయానని, పాఠాలతోనే సరిపోయిందని ఆమె ఇంటాయనతో చెప్పింది. పైన ఆకుపచ్చ వలను మొదటిసారి చూసింది.

ఇన్‌స్పెక్టర్‌కు ఆ పని చేయాలని లేదు. ఈమె చేతే చెప్పించకుండా వేరే దారి ఉందేమోనని రెండు రోజులు వెతికింది. దొరకలేదు.

భర్తను పిట్టగోడ పక్కన, వల కింద నిలబడమంది. ఆర్టిస్టుకు ఎదురుగా కుర్చీ వేయించింది. ట్యాబ్‌లో ఆ బొమ్మ తెరవమంది. రేపు కోర్టులో బొమ్మ గురించి అడిగితే తను చెప్పగలగాలి కాబట్టి, స్టూడెంట్‌కు చెప్పినట్టు రంగులు విడమరచి చెప్పమంది.

ఆర్టిస్టు మెల్లిగా మొదలుపెట్టింది. నుదుటి మీద వెచ్చటి వెలుతురు ఎలా వేసిందో చెప్పింది. బుగ్గ మీద ఎరుపు, కంటి కింద పల్చటి ఊదా. పెన్ను కొన ముఖం మీద కిందికి జారింది. దవడ దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇది ఆకుపచ్చ కదూ?" అంది ఇన్‌స్పెక్టర్.

"అవును."

"మీ గదిలో ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆర్టిస్టు ఆ చోటును పెద్దది చేసి చూసింది.

భర్త చిన్నగా నవ్వాడు. "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందట మేడమ్. కంప్యూటర్ రంగులు. వేలల్లో ఉంటాయి. ఒకటి అటూ ఇటూ అయ్యుంటుంది."

"అంతేనా?" అని ఇన్‌స్పెక్టర్ ఆర్టిస్టునే అడిగింది. "పొరపాటున పడిందంటే అలాగే రాసుకుంటాను."

"చెప్పు. పొరపాటని చెప్పు" అన్నాడు భర్త. గొంతులో నవ్వు పోయింది.

ఆర్టిస్టు తలెత్తి అతని వైపు చూసింది.

అతని వెనక ఎండ వాలుతోంది. చెవి అంచు ఎర్రగా వెలుగుతోంది. వల మీంచి జారిన వెలుతురు పిట్టగోడ సున్నం మీద పడి, అక్కడినుంచి ఎగిరి, దవడ కింద పల్చగా ఆకుపచ్చ పూస్తోంది. మూడు గంటలపాటు ఆమె కళ్ళు చికిలించి, రంగు మీద రంగు కలిపి, ఎంతకూ కుదరక చెరిపి మళ్ళీ వేసిన ఆకుపచ్చ. ఒక్క చుక్క ఎక్కువ లేదు. ఒక్క చుక్క తక్కువ లేదు.

కింద వీధిలో ఎవరిదో స్కూటరు స్టార్టవక మొరాయిస్తోంది.

"నేను రంగు తప్పు వెయ్యలేదు" అంది ఆర్టిస్టు.

ట్యాబ్ ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

"ఆ రోజు ఈయన నాకు కూర్చోలేదు మేడమ్. ఫొటో చూసి వేశాను. మంచి వెలుతురులో తీసిన ఫొటో ఒకటి పంపమని పోరితే, శుక్రవారం పంపించారు. ఆఫీసులో కొత్తగా చేరినతను తీశాడన్నారు. శనివారం ఏదో ఇంటర్వ్యూకి వెళ్ళానని, ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం పోతుందని, ఒక్క మాట చెప్పమన్నారు. చెప్పాను." కాస్త ఆగింది. "ఫొటోలో ఆ చూపు చూసి మురిసిపోయాను. ఈయన నన్నలా చూసి చాలా ఏళ్ళయింది. నాకోసమని అలా చూసి తీయించుకున్నారనుకున్నాను. ఎవర్ని చూస్తున్న చూపో తెలీకుండానే గీశాను."

భర్త ఏదో అనబోయాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి ఆపింది.

తర్వాత ఆవిడ చెప్పింది కొంచెమే. వల కట్టింది చావుకు ముందటి ఆదివారం. ఫొటో వచ్చింది శుక్రవారం. ఆ మధ్యలో ఏదో ఒకరోజు అతను ఇక్కడ, ఈ పిట్టగోడ దగ్గర, ఇదే ఎండలో నిలబడ్డాడు. ఎన్నడూ ఎక్కలేదన్న మెట్లు ఎక్కాడు. ఈ వల కింద ముఖాలు చెడిపోతాయని ఇంటాయనతో పోట్లాడిన ఫొటోగ్రాఫర్, పని కోసమైతే ఇక్కడ ఎవరినీ నిలబెట్టదు. ఇష్టమైన మనిషిని చూసి మురిసి తీసుకున్న ఫొటో అది. ముఖం తప్ప మిగతాదంతా కత్తిరించి పంపితే చోటు దాగిపోతుందనుకున్నాడు. చోటు ముఖంలోనే ఉండిపోయింది.

"ఇప్పుడు వేలిముద్రలు అడగడానికి నాకు కారణం ఉంది" అంది. "గడియ మీదవి మూడున్నాయి."

భర్త పిట్టగోడకు జారబడ్డాడు. కావాలని చేయలేదన్నాడు. ఇక దాచలేనని, అబద్ధాలతో నెట్టుకురావడం తన వల్ల కాదని, తనను అక్కా అని పిలిచే మనిషికి అంతా చెప్పేస్తానని ఆవిడే పిలిపించిందట. మెట్ల మీద ఫోను తీసింది. తను చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ విదిలించుకుంది.

"అప్పటికే పోయిందనుకున్నాను" అన్నాడు.

తలుపు పక్కనున్న తమ్ముడు ఒక అడుగు ముందుకు వేశాడు. ఎస్సై అతని భుజం పట్టుకున్నాడు.

"పోలేదు" అంది ఇన్‌స్పెక్టర్. "ఇంకో గంట బతికుంది. వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి ఉంటే తెలిసేది."

ఆ మాట ఆర్టిస్టుకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆమె భర్త వైపు చూసింది. ఏడవలేదు.

"అయిదింటికి ఇంటికొచ్చారు. కాళ్ళు కడుక్కున్నారు. బొమ్మ చూసి బాగుందన్నారు. టీ అడిగితే పెట్టిచ్చాను" అంది. "మీరు టీ తాగుతున్నప్పుడు అక్క బతికే ఉంది."

భర్త ఆమె పేరు పెట్టి పిలిచాడు. ఆమె పక్కకు తిరిగి దారి ఇచ్చింది. ఎస్సై అతన్ని కిందికి తీసుకెళ్ళాడు. ఆ మెట్ల మీదుగానే.

ఇంటాయన వల తీయించెయ్యాలా అని మెల్లిగా అడిగాడు. కేసు తేలేదాకా ఉంచమంది ఇన్‌స్పెక్టర్. తమ్ముడు అక్క గది గుమ్మంలో కూర్చుని టోపీ చేతుల్లో తిప్పుకుంటున్నాడు.

ఆర్టిస్టు తన పాత వాంగ్మూలం కొట్టేయమంది. అబద్ధం చెప్పినందుకు ఏ శిక్ష వేసినా సరేనంది. తనంతట తానే నిజం చెప్పిందని రాస్తానని, మిగతాది కోర్టు చూసుకుంటుందని ఇన్‌స్పెక్టర్ చెప్పింది. ఎస్సై కోసం ఆగకుండా కాగితాలు తీసి తనే రాయడం మొదలుపెట్టింది. ఆమె చెబుతూ ఉంటే రాసింది. ఆర్టిస్టు ఎక్కడా తడుముకోలేదు.

సంతకం చేశాక ఆర్టిస్టు పెన్ను వెంటనే తిరిగి ఇవ్వలేదు.

"అక్క నాకు నిజంగా చెప్పేదంటారా?"

"ఫోను తీసింది మీకు చెయ్యడానికే. ల్యాబులో తెరిచి చూస్తే మీ నంబరు సగం నొక్కి ఉంది."

ఆర్టిస్టు పెన్ను మూత బిగించి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది.

"చెప్పి ఉంటే జన్మలో మళ్ళీ ఆవిడ మొహం చూసేదాన్ని కాదు" అంది. "కానీ ఆవిడ బతికుండేది."